పైథాన్ మాక్ లైబ్రరీ సమీక్ష: రిటర్న్ వాల్యూ నమ్మదగ్గది, సైడ్ ఎఫెక్ట్‌కు పగ్గం కావాలి

పైథాన్‌లో టెస్టులు రాసేవారికి యూనిట్‌టెస్ట్.మాక్ అనే లైబ్రరీ అవసరం ఏదో ఒక రోజు తప్పకుండా పడుతుంది. మనం రాసిన ఫంక్షన్ పేమెంట్ గేట్‌వేను కాల్ చేస్తుంది, ఓటీపీ పంపుతుంది, ఫైలు తెరుస్తుంది, ఈరోజు తేదీ ఎంతో చూస్తుంది. టెస్టు నడిపిన ప్రతిసారీ ఎవరి ఖాతాలోంచో డబ్బు కట్ కావడమో, ఎవరి ఫోనుకో మెసేజ్ వెళ్లడమో జరగకూడదు. అయినా అవి జరిగాక వచ్చే జవాబు మాత్రం మన కోడ్‌కు అందాలి. అసలు వస్తువు స్థానంలో నిలబడి, మనం నిర్ణయించిన జవాబే ఇచ్చి, తనను ఎవరు ఎన్నిసార్లు ఏ ఆర్గ్యుమెంట్లతో కాల్ చేశారో గుర్తుపెట్టుకునే ఆబ్జెక్టే మాక్. ఈ లైబ్రరీలో చాలా సరంజామా ఉంది కానీ, ఈ సమీక్షలో నేను ప్రధానంగా రెండు ఆట్రిబ్యూట్‌ల పనితీరునే పరిశీలిస్తాను. ఒకటి రిటర్న్_వాల్యూ, రెండోది సైడ్_ఎఫెక్ట్. ఈ లైబ్రరీ వల్ల కలిగే మేలు, ఇది తెచ్చే చిక్కు దాదాపుగా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మైకేల్ ఫోర్డ్ మొదట విడి ప్యాకేజీగా తయారుచేసిన ఈ లైబ్రరీ, పెప్ 417 (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల కోసం చేసే ప్రతిపాదన) ఆమోదం పొందడంతో 2012 సెప్టెంబరులో వచ్చిన పైథాన్ 3.3 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలో భాగమైంది. కనుక కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసినది ఏమీ లేదు. పైథాన్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఇది సిద్ధంగా ఉంటుంది. పాత వెర్షన్‌లతో పనిచేయక తప్పనివారి కోసం, కొత్త సదుపాయాలను వెనక్కి తెచ్చే ‘మాక్’ ప్యాకేజీ, పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలో ఇప్పటికీ దొరుకుతుంది. పేరులో యూనిట్‌టెస్ట్ అని ఉన్నంత మాత్రాన పైటెస్ట్ అనే మరో టెస్టింగ్ సాధనం వాడేవారికి ఇది పనికిరాదనుకోనక్కరలేదు. పైటెస్ట్-మాక్ అనే ప్లగిన్ ఇచ్చే ‘మాకర్’ ఫిక్స్చర్ (టెస్టుకు ముందుగా సిద్ధం చేసి అందించే వస్తువు) లోపల నడిచేది కూడా ఇదే కాబట్టి, ఇక్కడ చెప్పినవన్నీ వారికీ వర్తిస్తాయి.

రిటర్న్_వాల్యూ గురించి చెప్పుకోవలసింది తక్కువ, అదే దాని గొప్పతనం. అందులో ఒక విలువ పెడితే, మాక్‌ను ఏ ఆర్గ్యుమెంట్లతో ఎన్నిసార్లు కాల్ చేసినా ఆ విలువే వస్తుంది. ఏమీ పెట్టకపోతే వచ్చేది నన్ (ఏ విలువా లేదని చెప్పే పైథాన్ విలువ) కాదు, మరో మాక్ ఆబ్జెక్ట్. అదీ ప్రతిసారీ కొత్తది కాక, మొదటిసారి తయారైనదే తిరిగి వస్తుంది. ఈ ఏర్పాటు వల్ల ఎంత లోతైన కాల్ గొలుసునైనా ఒకే వాక్యంలో అమర్చుకోవచ్చు. ఉదాహరణకు మన కోడ్ ‘విత్’ వాక్యంలో యూఆర్‌ఎల్‌ఓపెన్‌ను కాల్ చేసి, వచ్చిన స్పందన మీద రీడ్ చేస్తుందనుకుందాం. అప్పుడు టెస్టులో మాక్.రిటర్న్_వాల్యూ.__ఎంటర్__.రిటర్న్_వాల్యూ.రీడ్.రిటర్న్_వాల్యూ అని రాసి, దానికి కావలసిన బైట్లను అప్పగిస్తే సరిపోతుంది. చూడటానికి పొడవుగా ఉన్నా, ఎడమ నుంచి కుడికి చదివితే మన కోడ్ చేసే పనులే వరుసగా కనిపిస్తాయి: కాల్ చేయి, విత్‌లోకి ప్రవేశించు, చదువు. మధ్యలో ఒక్క మెట్టు మరిచిపోయినా, బైట్లు రావలసిన చోట మాక్ వచ్చి పడుతుంది. ఇలాంటి డబుల్ అండర్‌స్కోర్ మెథడ్‌లు మామూలు మాక్‌లో ముందుగా అమర్చి ఉండవు, మ్యాజిక్‌మాక్‌లో ఉంటాయి. టెస్టు జరిగినంతసేపు అసలు వస్తువు స్థానంలో మాక్‌ను నిలబెట్టే సాధనమైన ప్యాచ్, మనం ఏమీ చెప్పకపోతే సాధారణంగా మ్యాజిక్‌మాక్‌నే పెడుతుంది కాబట్టి ఈ తేడా ఎప్పుడో గాని బయటపడదు.

కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడ ఎక్కువగా తడబడేది క్లాసులను మాక్ చేసేటప్పుడు. క్లాసును కాల్ చేస్తే ఇన్‌స్టన్స్ వస్తుంది కాబట్టి, మాక్ చేసిన క్లాసు యొక్క రిటర్న్_వాల్యూయే ఇన్‌స్టన్స్. మన కోడ్ గేట్‌వే క్లాసు నుంచి ఒక ఆబ్జెక్ట్ చేసుకుని దాని ‘చెల్లించు’ మెథడ్‌ను వాడుతుంటే, అమర్చవలసింది మాక్_గేట్‌వే.రిటర్న్_వాల్యూ.చెల్లించు.రిటర్న్_వాల్యూ. మొదటి రిటర్న్_వాల్యూను వదిలేసి నేరుగా మాక్_గేట్‌వే.చెల్లించు మీద విలువ పెడితే లైబ్రరీ ఏ అభ్యంతరమూ చెప్పదు. మన కోడ్ వాడే ఇన్‌స్టన్స్‌కు మాత్రం ఆ విలువ చేరదు. టెస్టులో అంకెకు బదులు మ్యాజిక్‌మాక్ అనే పేరు కనిపించిందంటే, ముందుగా అనుమానించవలసిన చోటు ఇదే.

రిటర్న్_వాల్యూలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. అందులో లిస్టునో డిక్షనరీనో పెడితే, ప్రతి కాల్‌కూ తిరిగి వచ్చేది దాని నకలు కాదు, అదే ఆబ్జెక్ట్. మన కోడ్ మొదటి కాల్‌లో వచ్చిన లిస్టుకు ఒక అంశం చేరిస్తే, రెండో కాల్‌లో వచ్చే లిస్టులో అది ముందే ఉంటుంది. అసలు డేటాబేస్ ఇలా ప్రవర్తించదు. ప్రతి కాల్‌కూ తాజా ఖాళీ లిస్టు కావాలంటే రిటర్న్_వాల్యూను వదిలి, కొత్త లిస్టును తయారుచేసి ఇచ్చే చిన్న లాంబ్డాను (పేరులేని ఫంక్షన్‌ను) సైడ్_ఎఫెక్ట్‌లో పెట్టడం మేలు.

ఇక సైడ్_ఎఫెక్ట్. నా దృష్టిలో ఈ లైబ్రరీకి ప్రాణం ఇదే, అత్యంత వదులుగా రూపొందినది కూడా ఇదే. ఒకే ఆట్రిబ్యూట్ మూడు వేర్వేరు పనులు చేస్తుంది, ఏ పని చేయాలో మనం ఇచ్చిన వస్తువు రకాన్ని చూసి నిర్ణయించుకుంటుంది. ఎక్సెప్షన్ క్లాసును గాని ఇన్‌స్టన్స్‌ను గాని ఇస్తే, కాల్ చేసిన ప్రతిసారీ దాన్ని రెయిజ్ చేస్తుంది. ఫంక్షన్ ఇస్తే, మాక్‌కు వచ్చిన ఆర్గ్యుమెంట్లనే ఆ ఫంక్షన్‌కు అందించి అది ఇచ్చిన ఫలితాన్ని తిరిగి ఇస్తుంది. లిస్టులాంటి ఇటరబుల్ ఇస్తే, ఒక్కో కాల్‌కు ఒక్కో అంశం చొప్పున వరుసగా ఇస్తుంది. అందులో ఎక్సెప్షన్ ఉంటే, దాని వంతు వచ్చినప్పుడు తిరిగి ఇవ్వకుండా రెయిజ్ చేస్తుంది.

ఈ మూడో రూపం ఎంత విలువైనదో తెలియాలంటే మళ్లీ ప్రయత్నించే కోడ్‌ను టెస్టు చేసి చూడాలి. గేట్‌వే స్పందించకపోతే ఒక సెకను ఆగి మళ్లీ అడిగే, అప్పుడూ స్పందించకపోతే రెండు సెకన్లు ఆగి మూడోసారి అడిగే ఫంక్షన్ ఉందనుకుందాం. అసలు గేట్‌వేతో ఈ పరిస్థితిని కావాలని సృష్టించడం దాదాపు అసాధ్యం. సరిగ్గా రెండుసార్లు విఫలమై మూడోసారి పనిచేయమని ఏ సర్వర్‌నూ అడగలేం. మాక్‌తో అయితే సైడ్_ఎఫెక్ట్‌కు మూడు అంశాల లిస్టు ఇస్తే చాలు: టైమౌట్ఎర్రర్, టైమౌట్ఎర్రర్, ఆపైన విజయవంతమైన స్పందన తాలూకు డిక్షనరీ. టైమ్.స్లీప్ స్థానంలోనూ ఒక మాక్ పెడతాం, అది ఏమీ ఆగకుండా వెంటనే తిరిగి వచ్చేస్తుంది. చివర్లో గేట్‌వే మాక్ కాల్_కౌంట్ 3 అయిందో లేదో, స్లీప్ మాక్ కాల్_ఆర్గ్స్_లిస్ట్‌లో కాల్(1), కాల్(2) అదే వరుసలో ఉన్నాయో లేదో చూస్తాం. మామూలుగా మూడు సెకన్లు పట్టే తతంగం కనురెప్ప పాటులో పూర్తవుతుంది. ఆగే వ్యవధిని ఎవరైనా పొరపాటున మారిస్తే మరుక్షణం దొరికిపోతుంది. మాక్ తనను కాల్ చేసిన సంగతిని ముందుగా నమోదు చేసుకుని, ఆ తర్వాతే ఎక్సెప్షన్ రెయిజ్ చేస్తుంది కాబట్టి విఫలమైన రెండు ప్రయత్నాలూ లెక్కలోకి వస్తాయి. చిన్నదిగా కనిపించే ఈ క్రమం లేకపోతే ఈ టెస్టు అర్థవంతంగా ఉండేదే కాదు. దాన్ని ఇంత సరిగ్గా ఆలోచించి పెట్టినందుకు రూపకర్తను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

అయితే లిస్టు అయిపోయాక ఏం జరుగుతుంది? నాలుగో కాల్ వస్తే మాక్ స్టాప్‌ఇటరేషన్‌ను రెయిజ్ చేస్తుంది. అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు కాల్ జరిగిందని గట్టిగా చెప్పడం వరకు ఇది మంచిదే. చిక్కు ఎక్కడంటే, పైథాన్‌లో స్టాప్‌ఇటరేషన్‌కు ముందే ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. మాక్‌ను కాల్ చేసే కోడ్ ఒక ఇటరేటర్ క్లాసు యొక్క __నెక్స్ట్__ మెథడ్‌లో ఉంటే, బయటి ఫర్ లూప్ దాన్ని ‘అంశాలు అయిపోయాయి’ అన్న మామూలు సంకేతంగా తీసుకుని నిశ్శబ్దంగా ఆగిపోతుంది, టెస్టు పాస్ కూడా కావచ్చు. అదే కోడ్ జనరేటర్‌లో ఉంటే, పెప్ 479 నియమం పూర్తిగా అమలైన పైథాన్ 3.7 నుంచి అది రన్‌టైమ్ఎర్రర్‌గా మారి వస్తుంది. ఎర్రర్ సందేశంలో మాక్ ప్రస్తావనే ఉండదు కనుక, మూలం వెతకడానికి ట్రేస్‌బ్యాక్‌ను కింది నుంచి పైకి ఓపిగ్గా చదవాలి. లిస్టు అయిపోయిందని సూటిగా చెప్పే ప్రత్యేకమైన ఎక్సెప్షన్ ఒకటి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

జావాలో మాకిటో వాడి వచ్చినవారికి ఇక్కడ మరో తేడా ఎదురవుతుంది. మాకిటోలో వరుసగా విలువలు ఇస్తే, అవి అయిపోయాక చివరి విలువే మళ్లీ మళ్లీ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోని జెస్ట్‌లో ఒక్కసారికి మాత్రమే అని ఇచ్చిన విలువలు అయిపోతే, ముందుగా అమర్చిన సాధారణ ప్రవర్తనకు తిరిగి వెళ్తుంది. పైథాన్ ఈ మూడింటిలో కఠినమైన దారి ఎంచుకుంది, నేను దీన్నే సమర్థిస్తాను. ఎన్నిసార్లు కాల్ జరగాలో టెస్టు రాసేవారికి తెలిసి ఉండాలి. ఆ లెక్క తప్పితే టెస్టు ఆగిపోవడమే న్యాయం. పేర్ల విషయంలో మాత్రం మాకిటోదే పైచేయి. విలువ ఇవ్వడానికి, ఎక్సెప్షన్ రెయిజ్ చేయడానికి, ఆర్గ్యుమెంట్లను చూసి లెక్కించడానికి అక్కడ మూడు వేర్వేరు మెథడ్‌లు ఉన్నాయి, చదివేవారికి ఉద్దేశం వెంటనే తెలుస్తుంది.

మూడు పనులకు ఒకే పేరు పెట్టడం వల్ల వచ్చే అనర్థాలు దగ్గరగా చూడదగ్గవి. స్ట్రింగ్ కూడా ఇటరబులే. రిటర్న్_వాల్యూలో పెట్టవలసిన ‘ఓకే’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాల స్ట్రింగ్‌ను పొరపాటున సైడ్_ఎఫెక్ట్‌లో పెడితే, మొదటి కాల్‌కు ‘ఓ’ అక్షరం, రెండో కాల్‌కు ‘కే’ అక్షరం వస్తాయి, మూడోసారి స్టాప్‌ఇటరేషన్. డిక్షనరీ పెడితే దాని కీలు ఒక్కొక్కటిగా వస్తాయి. అంకె పెడితే, పెట్టిన చోట ఏ అభ్యంతరమూ ఉండదు. తర్వాత ఎప్పుడో కాల్ జరిగినప్పుడు, ఇది ఇటరేటర్ కాదంటూ టైప్ఎర్రర్ వస్తుంది. తప్పు జరిగిన వాక్యం ఒకటి, అది బయటపడే వాక్యం మరొకటి. విలువను అప్పగించేటప్పుడే సరిచూసి ఆపేసి ఉంటే చాలామంది సమయం కలిసివచ్చేది.

ఎక్సెప్షన్‌ల విషయంలోనూ ఒక సూక్ష్మం ఉంది. సైడ్_ఎఫెక్ట్‌కు వాల్యూఎర్రర్‌ను నేరుగా ఇస్తే అది రెయిజ్ అవుతుంది, లిస్టులో పెట్టి ఇచ్చినా రెయిజ్ అవుతుంది. కానీ వాల్యూఎర్రర్‌ను తయారుచేసి ఇచ్చే లాంబ్డాను పెడితే రెయిజ్ కాదు. ఆ ఎక్సెప్షన్ ఆబ్జెక్ట్ మామూలు విలువలాగా తిరిగి వస్తుంది. లాంబ్డాలో రెయిజ్ వాక్యం రాయలేం కాబట్టి ఈ పొరపాటు సహజంగానే దొర్లుతుంది. అలాంటిచోట రెండు వాక్యాల డెఫ్ ఫంక్షన్ రాయడమే సరైన పద్ధతి. అలాగే లిస్టులో ఫంక్షన్‌లను పెడితే అవి కాల్ కావు, ఫంక్షన్‌లుగానే తిరిగి వస్తాయి. ఇవన్నీ నియమం ప్రకారం సబబే, ఒక్కసారి తెలుసుకుంటే గుర్తుంటాయి కూడా. కానీ డాక్యుమెంటేషన్‌ను పైపైన చదివినవారికి అందవు.

రెండు ఆట్రిబ్యూట్‌లూ ఒకేసారి పెడితే ఏది గెలుస్తుందన్న ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది: సైడ్_ఎఫెక్ట్ ముందు, దాని తర్వాత రిటర్న్_వాల్యూ, ఆ తర్వాతే ‘ర్యాప్స్’ (మాక్ వెనుక అసలు ఆబ్జెక్ట్‌ను ఉంచే ఆర్గ్యుమెంట్) ద్వారా అసలు ఆబ్జెక్ట్‌కు కాల్ వెళ్లడం. సైడ్_ఎఫెక్ట్ ఫంక్షన్ గాని, దాని లిస్టులోని ఒక అంశం గాని ‘డిఫాల్ట్’ అనే ప్రత్యేక విలువను ఇస్తే, మాక్ దాన్ని పక్కన పెట్టి రిటర్న్_వాల్యూ వైపు వెళ్తుంది. ఈ సదుపాయం చాలా సొగసైనది. మొదటి కాల్‌లో మాత్రం టైమౌట్ రావాలి, మిగతావన్నీ ఎప్పటిలాగే నడవాలి అన్నప్పుడు, ఫంక్షన్‌లో ఒక్క షరతు రాసి మిగిలిన సందర్భాలకు డిఫాల్ట్ తిరిగి ఇస్తే పని అయిపోతుంది. కానీ ఈ ప్రాధాన్య క్రమమే బృందంగా పనిచేసేచోట ఒక ఉచ్చులా మారుతుంది. సెటప్ మెథడ్‌లో ఎవరో ఎప్పుడో సైడ్_ఎఫెక్ట్ పెట్టి ఉంటారు. కింద ఎక్కడో కొత్త టెస్టు రాసేవారు రిటర్న్_వాల్యూ మారుస్తారు, ఫలితం మాత్రం మారదు. లైబ్రరీ ఒక్క మాట కూడా హెచ్చరించదు. సైడ్_ఎఫెక్ట్‌కు నన్ అప్పగిస్తేనే రిటర్న్_వాల్యూకు దారి దొరుకుతుంది. రీసెట్_మాక్ పిలిస్తే అంతా శుభ్రమవుతుందనుకోవడం కూడా సరికాదు. అది కాల్‌ల లెక్కను చెరిపేస్తుందే తప్ప ఈ రెండు ఆట్రిబ్యూట్‌లను తాకదు. వాటినీ చెరపమని చెప్పడానికి పైథాన్ 3.6 నుంచి విడిగా కీవర్డ్ ఆర్గ్యుమెంట్లు ఇచ్చారు.

రెండింటినీ కలిపి వాడటంలో అందం చూడాలంటే తేదీని మాక్ చేయడం చక్కని ఉదాహరణ. గడువు తేదీ దాటితే జరిమానా లెక్కించే కోడ్‌ను ఈరోజు నడిపినా, వచ్చే ఏడాది నడిపినా ఒకే ఫలితం రావాలి. డేట్‌టైమ్ మాడ్యూల్‌లోని డేట్ సీ భాషలో రాసిన క్లాసు కాబట్టి, దాని టుడే మెథడ్ ఒక్కదాన్ని పీకి మరొకటి పెట్టనివ్వదు. అందుకే మన మాడ్యూల్‌లో ఉన్న ‘డేట్’ పేరు మొత్తాన్నీ ప్యాచ్ చేసి, మాక్ యొక్క టుడే.రిటర్న్_వాల్యూకు మనకు కావలసిన తేదీ ఇస్తాం. అయితే అదే కోడ్ వేరేచోట డేట్(2024, 3, 31) అని కొత్త తేదీని తయారుచేస్తుంటే, అదీ మాక్‌గా మారిపోతుంది కదా? అందుకని మాక్ సైడ్_ఎఫెక్ట్‌గా, వచ్చిన ఆర్గ్యుమెంట్లతో అసలు డేట్‌ను పిలిచే లాంబ్డాను పెడతాం. ఇప్పుడు టుడే మాత్రమే మనం చెప్పిన జవాబు ఇస్తుంది, మిగతా తేదీలన్నీ అసలైనవే. రెండు వాక్యాల్లో కాలాన్ని నిలిపేయగలిగిన ఈ పద్ధతి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, తప్పకుండా చదవవలసిన భాగం అది.

కాల్‌లను నమోదు చేసుకునే తీరులో నన్ను నిరాశపరిచే సంగతి ఒకటి ఉంది. మాక్ తనకు వచ్చిన ఆర్గ్యుమెంట్లను నకలు తీసి దాచుకోదు, వాటికి రిఫరెన్స్ మాత్రమే ఉంచుకుంటుంది. మన కోడ్ ఒక లిస్టును మాక్‌కు పంపి, ఆ వెంటనే ఆ లిస్టును ఖాళీ చేసిందనుకుందాం. తర్వాత అసర్ట్_కాల్డ్_విత్‌తో సరిచూస్తే, పంపింది ఖాళీ లిస్టే అని మాక్ సాక్ష్యం చెబుతుంది. వేగం కోసం, నకలు తీయడానికి వీలుకాని ఆబ్జెక్టుల కోసం ఇలా చేశారనుకున్నా, బ్యాచ్‌లుగా డేటా పంపే కోడ్‌ను టెస్టు చేసేవారికి ఇది తీవ్రమైన లోపమే. దీనికి విరుగుడు కూడా సైడ్_ఎఫెక్ట్‌లోనే ఉంది: వచ్చిన ఆర్గ్యుమెంట్లను డీప్‌కాపీ చేసి వేరే లిస్టులో భద్రపరిచి, డిఫాల్ట్ తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాసుకుంటే సరి.

ఇప్పుడు అసలైన ప్రమాదానికి వద్దాం. పగ్గం వేయని మాక్ గంగిరెద్దు లాంటిది, ఏం అడిగినా తల ఊపుతుంది. లేని మెథడ్‌ను కాల్ చేస్తే ఉన్నట్టే నడుస్తుంది, మూడు ఆర్గ్యుమెంట్లు కావలసిన చోట ఒకటే ఇచ్చినా ఊరుకుంటుంది. పైగా మ్యాజిక్‌మాక్‌ను ఇఫ్ షరతులో పెడితే అది ట్రూ. అసలు ఫంక్షన్ యూజర్ దొరకనప్పుడు నన్ ఇస్తుంది, మన కోడ్ ‘యూజర్ ఉంటేనే’ అని షరతు పెట్టుకుంది. కానీ రిటర్న్_వాల్యూ అమర్చని మాక్ ఎప్పుడూ ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి, యూజర్ లేని దారి టెస్టులో ఒక్కసారి కూడా నడవదు. అంకె కన్నా ఎక్కువా తక్కువా అని పోల్చే షరతు అయితే టైప్ఎర్రర్ వచ్చి మేలు చేస్తుంది, నిజమా కాదా అన్న షరతు మాత్రం మౌనంగా మోసం చేస్తుంది.

సరిచూసే మెథడ్‌ల పేర్లలో అక్షరం తప్పితే ఏమవుతుందన్నది దీనికి కొనసాగింపే. అసర్ట్_కాల్డ్_వన్స్ అనే మెథడ్ పైథాన్ 3.6లో గాని రాలేదు. అంతకుముందటి తొలి వెర్షన్‌లలో ఎవరైనా ఆ పేరు రాస్తే, లేని ఆట్రిబ్యూట్‌ను కూడా సృష్టించుకునే మాక్ దాన్నీ ఒక మాక్‌గా చేసి కాల్ చేసేది. ఏమీ సరిచూడకుండానే టెస్టు పాస్ అయ్యేది. పైథాన్ 3.5 నుంచి, అసర్ట్‌తో మొదలై గుర్తించని పేరు ఏది వచ్చినా ఆట్రిబ్యూట్ఎర్రర్ వచ్చేలా మార్చారు. తర్వాత, అసర్ట్ అన్న ముక్కను పూర్తిగా మరిచి కాల్డ్_వన్స్ అని రాసినా 3.12 నుంచి పట్టుకుంటోంది. ఇలా ఒక్కో కన్నం పూడ్చుకుంటూ వస్తున్న నిర్వాహకుల శ్రద్ధ మెచ్చదగ్గది.

కానీ మూలం నుంచి రక్షణ ఇచ్చేది ఆటోస్పెక్ ఒక్కటే. ప్యాచ్‌కు ఆటోస్పెక్=ట్రూ అని ఇస్తే, లేదా క్రియేట్_ఆటోస్పెక్ వాడితే, అసలు ఫంక్షన్ సిగ్నేచర్‌ను (అది ఏ ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందన్న వివరాన్ని) చూసి మాక్ తయారవుతుంది; తప్పు ఆర్గ్యుమెంట్లతో కాల్ చేస్తే అసలు ఫంక్షన్‌లాగే టైప్ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్_వాల్యూ, సైడ్_ఎఫెక్ట్ రెండూ దాని మీద యథాప్రకారం పనిచేస్తాయి. దీన్నే అలవాటుగా చేసుకోమని ఈ లైబ్రరీ వాడే ప్రతి ఒక్కరికీ గట్టిగా సిఫారసు చేస్తాను. ఇందులోనూ పరిమితులు లేకపోలేదు. __ఇనిట్__ లోపల పుట్టే ఆట్రిబ్యూట్‌లు క్లాసును చూసి తెలియవు కాబట్టి వాటిని విడిగా చెప్పాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆటోస్పెక్ లోపలికి వెళ్లే ఆర్గ్యుమెంట్ల సంఖ్యను, పేర్లను చూస్తుందే గాని, బయటికి వచ్చే విలువను చూడదు. అసలు ఫంక్షన్ డిక్షనరీ ఇస్తుందని టైప్ హింట్ రాసి ఉన్నా, మన రిటర్న్_వాల్యూలో స్ట్రింగ్ ఉంటే అడ్డు చెప్పదు. గేట్‌వే వారు తమ స్పందనలో ఒక కీ పేరు మార్చినా మన టెస్టులు పచ్చగానే ఉంటాయి, అంటే పాస్ అవుతూనే ఉంటాయి. కనుక మాక్‌లో పెట్టే జవాబులను ఊహించి రాయడం కన్నా, టెస్ట్ ఖాతాతో ఒకసారి తీసుకున్న అసలు స్పందనను ఫైల్‌లో భద్రపరిచి దాన్నే రిటర్న్_వాల్యూగా వాడటం మేలు. ఆ ఫైలు ఇంకా సత్యమేనా అని అప్పుడప్పుడు అసలు సర్వీసుతో సరిచూసే టెస్టును విడిగా ఉంచుకోవాలి.

ప్యాచ్ గురించి క్లుప్తంగా చెప్పాలంటే, పేరు ఎక్కడ పుట్టిందో అక్కడ కాక, మన కోడ్ ఎక్కడ వాడుతోందో అక్కడ ప్యాచ్ చేయాలి. ప్యాచ్‌లను డెకరేటర్లుగా టెస్టు ఫంక్షన్ మీద ఒకదానిపై ఒకటి పేర్చితే, కింది డెకరేటర్ మాక్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా వస్తుంది. ఈ రెండు సంగతులు తెలిస్తే ప్యాచ్‌తో మిగతా ఇబ్బందులు పెద్దగా ఉండవు.

అసింక్ కోడ్ (ఒక పని పూర్తయ్యేలోగా మరో పనిని సాగనిచ్చే కోడ్) రాసేవారికి 2019 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.8 పెద్ద ఊరట ఇచ్చింది. అంతకుముందు అవెయిట్ చేయగలిగిన (ఫలితం వచ్చేవరకు ఆగి తీసుకోగలిగిన) నకిలీ ఫంక్షన్‌లను ఎవరికి వారు రాసుకోవలసి వచ్చేది. ఇప్పుడు అసింక్ ఫంక్షన్‌ను ప్యాచ్ చేస్తే దానంతట అదే అసింక్‌మాక్ వస్తుంది. అవెయిట్ చేస్తే రిటర్న్_వాల్యూ అందుతుంది, సైడ్_ఎఫెక్ట్‌కు అసింక్ ఫంక్షన్ ఇస్తే దాన్ని అవెయిట్ చేసి మరీ ఫలితం తెస్తుంది. లిస్టు అయిపోయినప్పుడు ఇక్కడ స్టాప్‌అసింక్‌ఇటరేషన్ వస్తుంది. కాల్ చేయడం వేరు, అవెయిట్ చేయడం వేరు కాబట్టి అసర్ట్_అవెయిటెడ్ మెథడ్‌లు విడిగా ఇచ్చారు. అవెయిట్ రాయడం మరిచిన కోడ్‌ను పట్టుకోవడానికి అవే కావాలి, అసర్ట్_కాల్డ్ సరిపోదు. ఇక 2024లో వచ్చిన 3.13లోని థ్రెడింగ్‌మాక్, వేరే థ్రెడ్‌లో కాల్ జరిగేవరకు వేచి చూసే సదుపాయం ఇచ్చింది. టెస్టులో అంచనాగా స్లీప్ పెట్టుకుని అదృష్టాన్ని నమ్ముకునే పద్ధతికి అది సరైన ప్రత్యామ్నాయం.

ఈ లైబ్రరీని ఎక్కడ ఆపాలన్నది కూడా వాడకంలో భాగమే. సైడ్_ఎఫెక్ట్ ఫంక్షన్ రెండు మూడు వాక్యాల్లో ఉన్నంతవరకు అది ఉన్నచోటే ఉండవచ్చు. అందులో ఇఫ్‌ల వరుస పెరిగి, ఇదివరకు వచ్చిన చెల్లింపుల జాబితాను ఒక డిక్షనరీలో దాచుకుని, రెండోసారి అదే నంబరు వస్తే వేరే జవాబు ఇచ్చే స్థితికి చేరితే, అది ఇక మాక్ కాదు. దాన్ని ‘నకిలీ గేట్‌వే’ అనే మామూలు క్లాసుగా రాసి, దానికంటూ నాలుగు చిన్న టెస్టులు పెట్టి, ప్రాజెక్ట్ అంతటా వాడుకోవాలి. టైమౌట్ వంటి అరుదైన వైఫల్యాలను మాత్రం ఆ క్లాసు మెథడ్ మీద ప్యాచ్.ఆబ్జెక్ట్‌తో, ఆటోస్పెక్ పెట్టి, ఆ ఒక్క టెస్టు వరకు సైడ్_ఎఫెక్ట్‌తో తెచ్చుకోవచ్చు.